రెండో ప్రమాదం లేని రెండో నలుసు

కొండ మండల ఆరోగ్య బీమా కార్యాలయ డైరెక్టర్ గారి దివ్య సముఖమునకు,
రెండో అంతస్తు, తలుపు మీద 'అనుమతి లేనిదే రాకూడదు' అని వ్రాసి ఉన్న గది.

ఫ్రాసినెల్ గ్రామ కాపురస్తుడు, సదరు గ్రామ కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా, వయస్సు యాభై ఒకటి, ఒనిసిమ్ బుర్నార్ అనువాడు అక్టోబరు ఆరో తేదీ సోమవారం నాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కుడికంట్లో ఉన్న ఉక్కు నలుసును తీయించుకొనుటకు అనుమతి కోరుట (నాలుగోసారి).

అర్జీకి ఒక పద్ధతి ఉన్నదని తమకు తెలుసు, నాకూ తెలుసు. కాగితానికి ఎడమవైపు మూడు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలాలి. ఫిర్యాదుకు ముందు కృతజ్ఞత చెప్పాలి. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క అంకె వేయాలి. ఒకే అంకె కింద రెండు బాధలు పెట్టరాదు, పెడితే రెండోది విచారణకు రాదు. కోపం వచ్చినచోట 'విచారకరము' అని, అబద్ధం అనవలసినచోట 'పొరపాటు' అని వ్రాయాలి. ఇరవై రెండేళ్ళుగా మా ఊరివాళ్ళందరి అర్జీలూ ఈ పద్ధతిలోనే వ్రాసిపెట్టాను. ఇది కూడా అలాగే మొదలవుతున్నది. చివరిదాకా అలాగే సాగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఎందుకంటే ఎడమవైపు వదలవలసిన ఖాళీ నాకు కనిపిస్తున్నది గాని, కుడివైపు కాగితం ఎక్కడ అయిపోతున్నదో కనిపించడం లేదు.

ముందుగా కృతజ్ఞత. తమ కార్యాలయపు వరండాలో కొత్త బెంచీలు వేయించారు. వాటిమీద నేను పదకొండు పూటలు కూర్చున్నాను. గట్టిగా ఉన్నాయి.

ఇక విన్నపములు.

1. గత జూలై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం, పొద్దుటి కోత ముగించి, మా గడ్డిభూమి గట్టున కూర్చుని కొడవలి వాదర సాగగొట్టుకుంటున్నాను. తమ ఫారంలో 'ప్రమాదానికి కారణమైన యంత్రం' అనే గడి ఉన్నది. అందులో 'సుత్తి' అని వ్రాస్తే 'యంత్రం పేరు వ్రాయలేదు' అని ఫారం వాపసు వచ్చింది. కనుక ఈసారి వివరంగా మనవి చేస్తున్నాను. మా ఊరి కొడవలి నిలబడి రెండు చేతులతో విసిరి కోసే పెద్ద కొడవలి. దాని వాదర మొద్దుబారితే, నేలలో దిగగొట్టిన పిడికెడంత దాగలి మీద ఆనించి, గోరు వెడల్పు చొప్పున సుత్తితో పలచగా సాగగొట్టాలి. తల వంచి, ముక్కును ఇనుముకు జానెడు దూరంలో ఉంచి చేసే పని. కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఈ పని చేసేవాణ్ణి మా ఊళ్ళో మగవాడిగా లెక్కించరు. నేను కూడా లెక్కించేవాణ్ణి కాదు.

ఆ రోజు నా సుత్తి పిడి ఊడిపోతే మా మామగారి పాత సుత్తి తీసుకున్నాను. దాని అంచు చిట్లి ఉంది. చిట్లిన సుత్తితో ఉక్కు మీద కొట్టరాదని మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. కాని పడమట ఆకాశం నల్లబడుతున్నది, కోసిన గడ్డి ఇంకా నేల మీదనే ఉన్నది. కొట్టాను. 'టిక్' మన్నది. నొప్పి లేదు. కంటినుంచి ఒకే ఒక్క చుక్క రాలింది. తుడుచుకుంటే వేలికి ఎర్రగా అంటింది.

గడ్డి పోగేస్తున్న నా భార్య పరస్కివా దంతె ఆనుకుని నిలబడి చూసింది.

"ఏమైంది?"

"నలుసు పడింది."

"నులుముకోకు. సవేత అత్త దగ్గరికి పో. పోయి అక్కడ కబుర్లు పెట్టుకుని కూర్చోకు, వాన ముంచుకొస్తోంది."

2. సవేత అత్త గురించి తమ ఫైలులో 'అనధికార వైద్యురాలు' అని వ్రాసి ఉన్నది. ఇది పొరపాటు. ఆమె ఎనభై ఏళ్ళ ముసలామె. గడ్డికోతల కాలంలో మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవారి కళ్ళలో పడే నలుసులను నాలుకతో తీస్తుంది. ఇందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. పని మొదలుపెట్టేముందు మాత్రం నోరు శుభ్రం చేసుకోవడానికి ఒక గుక్కెడు హోరింకా పుక్కిలిస్తుంది. అంత మంచి సారాను ఉమ్మేయడం పాపమని మింగేస్తుంది.

"కదలకురా ఒనిసిమ్. దూడలాగా తల విదిలిస్తావేంటి?"

"చక్కిలిగింతలు పెడుతోంది, అత్తా."

"చక్కిలిగింతలా! నీ మొహానికి అదొకటి." రెప్ప తిరగేసి నాలుక ఒకసారి తిప్పి, తెల్ల రుమాలు మీద ఉమ్మింది. గోధుమ గింజలో సగమున్న గడ్డిపరక. దండం పెట్టి లేవబోయాను. ఆమె నా భుజం పట్టుకుని కూలేసింది. "ఎక్కడికి? ఇది పొద్దున్నెప్పుడో పడ్డది. నిన్ను కుట్టింది ఇది కాదు."

మరోసారి నాలుక తిప్పింది. ఈసారి రుమాలు మీద ఉమ్మడానికి ఏమీ రాలేదు.

"గుడ్డు మీద సన్న గీత తగుల్తోంది. అది లోపలికి దూరిపోయిందిరా. దూరి తలుపేసుకుంది. నా నాలుక వాకిలి ఊడుస్తుంది గానీ ఇంట్లోకి పోలేదు. పట్నం పో. ఇవాళే పో."

నేను ఆ వేళ పోలేదు. నేలమీద నాలుగెకరాల గడ్డి ఉన్నది, వాన ఉన్నది, రెండు ఆవులకు రాబోయే శీతాకాలం ఉన్నది, కన్నేమో నొప్పి పెట్టడం లేదు. ఇది పూర్తిగా నా తప్పు. ఈ వ్యవహారంలో తమ కార్యాలయం చేయని తప్పు ఇదొక్కటే గనుక, దీన్ని జాగ్రత్తగా నా పేరునే ఉంచుకుంటున్నాను.

3. ఆగస్టు నాలుగో తేదీకి దీపాల చుట్టూ పొగ కనిపించసాగింది. పట్నంలో కంటి డాక్టరు వంచా గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె కంట్లో చుక్కలు వేసి, సీటీ స్కాన్ తీయించి, తెరమీద చూపించారు. కంటి వెనక గోడకు దగ్గరగా తెల్లగా మెరుస్తూ రెండున్నర మిల్లీమీటర్ల ఉక్కు ముక్క.

"నొప్పి లేదు డాక్టరుగారూ," అన్నాను, అదేదో నా గొప్పతనమన్నట్టు.

"ఉండదు. అదే దాని దుర్మార్గం. ఇనుము కంట్లో తుప్పు పడుతుంది, బుర్నార్ గారూ. ఆ తుప్పు లోపలి తెరను కొంచెం కొంచెంగా తినేస్తుంది. తిన్నంత మేర చూపు పోతుంది, పోయింది మళ్ళీ రాదు. ఇన్నాళ్ళూ చీము పట్టకపోవడం మీ అదృష్టం."

"మరి తీసేయండి."

"ఇక్కడ కాదు, పెద్దాసుపత్రిలో. కంటి పక్కన సూది పట్టేంత దారి చేసి తీస్తారు. వెంటనే వచ్చి ఉంటే నేరుగా అత్యవసర విభాగానికి పంపేదాన్ని. ఇప్పుడు దీన్ని 'ముందుగా నిర్ణయించిన ఆపరేషన్' అంటారు, బీమావాళ్ళ అనుమతి కావాలి. నెల దాటనివ్వకండి." చీటీ కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం వ్రాసి, దాని కింద రెండు గీతలు గీశారు: 'ఎమ్మారై చేయరాదు.' "అదొక గదంత అయస్కాంతం. మీరు లోపలికి వెళ్తే ఈ ముక్క ఉన్నచోట ఉండదు. అది పోయే దారిలో మీ కన్ను ఉంటుంది."

ఆ చీటీ నకలు ఇప్పటికి నాలుగుసార్లు జతపరిచాను. ఎర్ర సిరా నకలులో నల్లగా వస్తున్నదని తమ సిబ్బంది అభ్యంతరం చెప్పగా, రెండోసారి నుంచి ఎర్ర పెన్సిలుతో నేనే దిద్ది పంపుతున్నాను.

4. తమ ఫారంలో ఏడో గడి 'పూర్వం పొందిన చికిత్స'. గుమాస్తాను గనుక నిజం వ్రాశాను: 'గ్రామమందు సవేత అను వృద్ధురాలు నాలుకతో ఒక గడ్డిపరకను తొలగించినది.' ఈ వాక్యం చదివి నాలుగో నంబరు కౌంటరులోని శ్రీమతి ఒలింపియా గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నలుసు తీసేశారు కదా. మళ్ళీ దేనికి?"

"తీసింది గడ్డి, అమ్మా. లోపలున్నది ఉక్కు."

"ప్రమాదాలు ఎన్ని అని రాశారు? ఒకటి. తీసిన నలుసులు ఎన్ని? ఒకటి. సరిపోయింది. ఇంకో నలుసు కావాలంటే ఇంకో ప్రమాదం చూపించాలి."

"నాకు నలుసు కావాలని ఎవరన్నారమ్మా? వద్దనే కదా వచ్చింది."

"ఏదైనా సరే. ఫారంలో ఒక ప్రమాదానికి ఒకటే గడి ఉంది. నేనేమన్నా గడులు గీస్తానా?"

"మరి రెండో ప్రమాదం ఎక్కడినుంచి తేను?"

"నన్నడిగితే? ప్రమాదాలు ఆరో నంబరు."

ఆరో నంబరులోని యువకుడు చాలా మర్యాదస్తుడు. కుర్చీ కూడా చూపించాడు. "ప్రమాదం జరిగిన ఇరవై నాలుగు గంటల్లోపు నమోదు చేయించుకోవాలండీ. మీ రెండోది ఇంకా జరగలేదంటున్నారు కాబట్టి మీకు బోలెడంత టైముంది," అన్నాడు. నవ్వుతూ అనలేదు. నవ్వితే క్షమించేవాణ్ణి.

5. ఆ తర్వాత 'తొలగించిన వస్తువు అసలు' దాఖలు చేయమని ఉత్తరం వచ్చింది. సవేత అత్త ఆ రుమాలు ఇంకా ఉతకలేదు. గడ్డిపరక దానికే అంటుకుని ఉన్నది. రుమాలుతో సహా తెచ్చి ఇచ్చాను. దాన్ని కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, నాకు రసీదు ఇచ్చి, తేమ తగలని బీరువాలో భద్రపరిచారు. గడ్డిపరక చెడిపోకుండా తమరు తీసుకున్న జాగ్రత్త నా కంటి విషయంలో తీసుకోకపోవడం విచారకరము. సవేత అత్త తమకు ఒక కబురు చెప్పమన్నది: "వాళ్ళకి కావలసింది నేను తీసింది. నేను తియ్యలేనిది ఎవడికీ అక్కర్లేదు. నా రుమాలు నాకిచ్చెయ్యమను." ఈ మాటకు నేను చేర్చదగినది ఏమీ కనిపించలేదు.

6. సెప్టెంబరు మొదటి వారంలో ఆదేశం వచ్చింది: 'అర్జీదారు కంట్లో రెండో వస్తువు ఉన్నదీ లేనిదీ నిర్ధారించుటకై ఎమ్మారై పరీక్ష చేయించవలెను. హాజరు కానిచో చికిత్స నిరాకరించినట్లు పరిగణింపబడును.' సంతకం తమరిది. ముద్ర తమ కార్యాలయానిది. డాక్టరు గారి ఎర్ర వాక్యం అదే ఫైలులో, ఆ ఆదేశానికి సరిగ్గా ఒక కాగితం కింద ఉన్నది.

నేను హాజరయ్యాను. నమోదు చేయించుకొనగలరు. సెప్టెంబరు పదహారు, మధ్యాహ్నం రెండు గంటలు. యంత్రం నడిపే వ్యక్తి తలుపు దగ్గరే ఆపి కాగితం చూసి అడిగాడు.

"ఒంట్లో ఎక్కడన్నా ఇనుము ఉందా?"

"కంట్లో ఉంది. అది ఉందో లేదో చూడమని పంపించారు."

అతను ఒక అడుగు వెనక్కి వేసి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏంటి మాస్టారూ, ఛస్తారా? ఆ బోర్డు చదవలేదా? ఇనుమున్నవాళ్ళని లోపలికి రానివ్వను."

"నేను రాకపోతే చికిత్స వద్దన్నట్టు అవుతుందట."

"వచ్చారని రాస్తాను. నేనే పోనివ్వలేదనీ రాస్తాను. ఆ కాగితం ఎవడు రాశాడో వాణ్ణి పంపించండి, ఓసారి మాట్లాడతాను."

అతను అలాగే వ్రాశాడు. దానిమీద తమ కార్యాలయం 'అర్జీదారు హాజరైనను పరీక్షకు సహకరించలేదు. ఫైలు మూసివేయడమైనది' అని వ్రాసింది.

అయ్యా, ఇది నెమ్మదిగా చదవమని ప్రార్థన. కంట్లో ఇనుము ఉన్నదని రుజువు కావాలంటే ఆ గదిలోకి వెళ్ళాలి. కంట్లో ఇనుము ఉన్నవాణ్ణి ఆ గదిలోకి రానివ్వరు. లేనివాడే వెళ్ళగలడు, వెళ్ళినవాడి కంట్లో లేదనే తేలుతుంది. అందుచేత 'మా మండలంలో కంట్లో ఇనుము ఉన్న బీమాదారు ఒక్కడూ లేడు' అని తమ వార్షిక నివేదికలో ఉన్న వాక్యం అక్షరాలా నిజం. తమరు ఒక్క రోగం కూడా నయం చేయకుండా ఒక రోగాన్ని మండలంలోనే లేకుండా చేశారు.

నేను మళ్ళీ అర్జీ పెట్టగా దయతలచి ఫైలు తెరిచి, ఆఖరి అవకాశంగా ఇంకో తేదీ ఇచ్చారు. అదే గది. అదే పరీక్ష. వచ్చే శుక్రవారం, పదో తేదీ, ఉదయం తొమ్మిది గంటలు.

7. సెప్టెంబరు పద్దెనిమిదిన తమరిని స్వయంగా దర్శించుకునే భాగ్యం కలిగింది. తమరు చేతిలో కాఫీతో మెట్లు దిగుతున్నారు. నేను లేచి నిలబడి విషయం మనవి చేశాను. తమరు ఆగి, తల పక్కకు వంచి నా మొహం చూసి, "రెండోది బాగానే ఉందిగా? దాంతో చూసుకుంటూ ఉండవయ్యా, ఈలోగా మేం చూస్తాం," అన్నారు.

రెండు కళ్ళూ ఉన్న తమరు రెండు నెలలుగా చూడని ఫైలును, నేను ఒక కంటితో ఎంతకాలం చూస్తూ ఉండాలో ఆదేశం ఇప్పించలేదు.

8. ఈ అంకె కింద ఒకటికంటె ఎక్కువ బాధలు ఉన్నాయి. పద్ధతి నాకు తెలుసు. తెలిసే పెడుతున్నాను.

నా కళ్ళు మా నాన్నవి, నీలం. మూడు వారాల కిందట పరస్కివా నాకు సంకటి వడ్డిస్తూ గరిటె పైనే ఆపేసి, నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. "ఒనిసిమ్, నీ కళ్ళు ఒకదానికొకటి చుట్టాల్లాగా లేవు." కుడిది గోధుమరంగుకు తిరిగింది. అది తుప్పు. ఆమె అది చెప్పి నవ్వబోయింది, నవ్వలేక పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు గ్లాసులో పాలు పోస్తే బల్లమీద పడుతున్నాయి. కొడవలి వాదర మీద సుత్తి ఎక్కడ పడుతున్నదో తెలియడం లేదు. రెండో కోతకు నా కొడవలి పరస్కివాయే సాగగొట్టింది, కళ్ళకు అద్దాలు పెట్టుకుని. ఊరంతా చూసింది. ఒక్కడు కూడా నవ్వలేదు. ఆఫీసులో జనన మరణాల రిజిస్టరులో ఒకరి పేరు ఇంకొకరి గడిలో వ్రాశాను. బతికున్న మనిషిని చంపాను, అయ్యా. నాలుగు రోజులు తిరిగి దిద్దించాను. నేను గుమాస్తాను. నాకు పొలం కంటె, ఆవుల కంటె ముందు ఉన్నది అక్షరం. పుస్తకం తెరిస్తే వరుస మధ్యలో నల్లటి మచ్చ నిలబడి, దాటనివ్వడం లేదు.

మొన్న శనివారం డాక్టరు వంచా గారు మళ్ళీ చూశారు. చూసి, ఈసారి ఆమెకు కోపం వచ్చింది. నా మీద కాదు. "లోపలి తెర ఒక మూల లేస్తోంది. అది ఊడిందంటే ఆపరేషన్ చేసినా చేయకపోయినా ఒకటే. పెద్దాసుపత్రి సర్జన్‌తో మాట్లాడాను. శుక్రవారం తొమ్మిదింటికి బల్ల ఖాళీ ఉంది. ఆయన చేతిలోనూ అయస్కాంతమే ఉంటుంది, పెన్సిలు మొనంత. అది ఆయన చెప్పిన దారిన బయటికి తెస్తుంది. కానీ అనుమతి కాగితం లేనిదే వాళ్ళ కంప్యూటరు మీ పేరు తీసుకోదు. శుక్రవారం పోతే మళ్ళీ నవంబరు ఆఖరుకి. నవంబరు ఆఖరుకి నేను మీకు ఏ మాటా ఇవ్వలేను."

కనుక శుక్రవారం తొమ్మిది గంటలకు నేను రెండుచోట్ల ఉండాలి. ఒకచోట నా కన్ను దక్కుతుంది. తమ ఫైలు మూతబడుతుంది. రెండోచోట తమ ఫైలు బతుకుతుంది.

నేను కంటినే ఎంచుకున్నాను. గురువారం మధ్యాహ్నం బస్సెక్కుతున్నాను. తమ అనుమతి అక్కడికి ఫాక్సులో చేరితే ఆ బల్ల మీద పడుకుంటాను. చేరకపోతే మెట్ల మీద కూర్చుంటాను. నా వెనక వచ్చినవాడు లోపలికి వెళ్తాడు, అతనికి మేలు జరగాలనే కోరుకుంటాను.

పై కారణములచేత నేను కోరునది: ఎమ్మారై ఆదేశం రద్దు చేయవలెను. గురువారం సాయంత్రం లోపు శస్త్రచికిత్స అనుమతి పత్రం మీద ఒక్క సంతకం పెట్టవలెను. తమరి సంతకం పొడవు కొలిచాను, నాలుగు సెంటీమీటర్లు. నా కంట్లోని ముక్క దానిలో పదహారో వంతు. అంత చిన్నదే మూడు నెలలుగా ఒక మనిషి చూపును తింటూ ఉంటే, నాలుగు సెంటీమీటర్లు ఇంకెంత చేయగలవో ఒక్కసారి ఊహించవలెనని ప్రార్థన.

గడ్డిపరకను తమరే ఉంచుకొనవచ్చును. రుమాలు మాత్రం ఇప్పించవలెను.

ఇంతవరకు 'విచారకరము' అని వ్రాసినచోటల్లా, 'పొరపాటు' అని వ్రాసినచోటల్లా నేను నిజంగా అనదలచిన మాటలు వేరు. అవి చదివించుకొనదలిస్తే పరస్కివాను పిలిపించవచ్చును. ఆమెకు నోటికి వచ్చు.

ఈ మనవి చిత్తగించవలెనని వేడుకొనే వయస్సు, ఓపిక రెండూ నాకు అయిపోయినవి. చిత్తగించి తీరవలెను.

ఇట్లు,
నాలుగు అర్జీలదాకా తమ విధేయుడు,
ఒనిసిమ్ బుర్నార్
(కుడివైపు పేరు కాగితం దాటిపోయి ఉంటే బల్లమీద చూడవలెను)

తా.క. ఈ అర్జీ ఇవ్వడానికి ఇప్పుడే మళ్ళీ తమ వరండాలోకి వచ్చాను. డైరెక్టర్ గారు వచ్చే సోమవారందాకా సెలవులో ఉన్నారని ఒలింపియా గారు చెప్పారు. "సంతకం ఎవరూ పెట్టలేరా?" అని అడిగాను. "ముద్ర ఆయన బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. నేనేం చెయ్యను బాబూ, నా చేతిలో ఉంటే ఎప్పుడో కొట్టేదాన్ని," అని, మొదటిసారిగా నా కంట్లోకి చూసి, చూపు దించుకున్నారు. డైరెక్టర్ గారైన తమరి ఇంటి అడ్రసు ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చారు. ఈ అర్జీ అక్కడికే తెస్తున్నాను. తమరు తోటలో ఉన్నా, భోజనం దగ్గర ఉన్నా చదివి వినిపిస్తాను.

అప్పటికీ తమ కలం కదలకపోతే, ఇరవై రెండేళ్ళ అనుభవంతోను, నాకు ఏమాత్రం లేని అధికారంతోను ఈ క్రింది నిబంధన చేస్తున్నాను.

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు ఎమ్మారై గదిలో నా పేరున ఉన్న చోటు ఖాళీగా పోరాదు. సంతకం పెట్టని అధికారి బెల్టు, చేతి గడియారం, బీరువా తాళంచెవి, కార్యాలయపు ఉక్కు ముద్ర సహితంగా నాకు బదులు అక్కడ హాజరు కావలెను. ముద్ర ఆయన చేతిలోనుంచి ఎగిరి, ఆ గదిలో ఎక్కడ అతుక్కుంటుందో అక్కడ అనుమతి మంజూరైనట్లు పరిగణింపబడును. దారిలో ఏమి ఉన్నదన్నది విచారణకు రాదు. ఈ నిబంధన తుదిది. దీనిపై అప్పీలు లేదు.